‘కళ్లారా చూశాను’: సాక్షి నమ్మకానికీ నిజానికీ మధ్య ఏం జరుగుతుంది?

క్లుప్తంగా

కళ్లారా చూసిన మనిషి అబద్ధం ఆడకుండానే తప్పు చెప్పగలడు. జ్ఞాపకం తలచుకునే కొద్దీ మారుతుంది, ఆ మార్పు తలచుకునే మనిషికి తెలియదు. ఎవరి మాటా చెవిన పడకముందు, సరైన పద్ధతిలో, మొట్టమొదటిసారి అడిగినప్పుడు సాక్షి చెప్పే మాటకు గట్టి విలువ ఉంటుంది. ఆ క్షణాన అతనికున్న నమ్మకానికీ విలువ ఉంటుంది. నెలలు గడిచాక కోర్టులో కనిపించే ధీమాకు అంత విలువ లేదు. ఐడెంటిఫికేషన్ పరేడ్ (అనుమానితుణ్ణి అలాంటి మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షి చేత గుర్తింపజేయడం) నియమాల వెనక ఉన్న కారణం ఇదే. మన చట్టం మాత్రం ఆ తొలి గుర్తింపుకూ, కోర్టులో గుర్తింపుకూ ఇచ్చే స్థానాలు తారుమారుగా ఉన్నాయి.

మూడో రకం తప్పు

సాక్షి కోర్టులో వేలెత్తి చూపించినా నిందితుడు నిర్దోషిగా బయటికొచ్చాడన్న వార్త చదివినప్పుడల్లా పాఠకులకు ఒకటే సందేహం. చూసిన మనిషే చెబుతుంటే ఇంకేం కావాలి? సాక్షిని కొనేశారని కొందరు అనుకుంటారు, పోలీసులు కేసు నీరుగార్చారని కొందరు అనుకుంటారు. రెండూ జరుగుతాయి. కానీ ఈ రెండూ జరగని కేసుల్లో కూడా గుర్తింపు తప్పుతుంది. సాక్షి నిజాయితీపరుడే, దర్యాప్తు అధికారికి ఏ దురుద్దేశమూ లేదు, అయినా నేరం చేయని మనిషి బోనులో నిలబడతాడు.

ఈ మూడో రకం తప్పు అరుదు కాదు. డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషులుగా తేలినవారి వివరాలను అమెరికాలో ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ నమోదు చేస్తోంది. అది లెక్కగట్టిన 375 కేసుల్లో 69 శాతం కేసుల్లో శిక్షకు దారితీసిన కారణాల్లో ప్రత్యక్ష సాక్షి పొరపాటు గుర్తింపు ఉంది. ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. వంద మంది సాక్షుల్లో 69 మంది తప్పు చెబుతారని దీని అర్థం కాదు. అమాయకుడికి శిక్ష పడిందని తిరుగులేకుండా తేలిన కేసులను వెనక్కి వెళ్లి చూస్తే, వాటిలో ఇంత భాగం ‘చూశాను’ అన్న మాట మీద కూడా నిలబడినవని మాత్రమే అర్థం.

చూపులోనే ఉన్న ఖాళీలు

రెటీనాలో స్పష్టంగా చూడగలిగే భాగం చాలా చిన్నది. మొత్తం చూపులో సుమారు 2 డిగ్రీల మేరకే అక్షరాలు చదవగలిగేంత స్పష్టత ఉంటుంది. చెయ్యి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఆక్రమించే వెడల్పు ఇంచుమించు అంతే. మిగతాదంతా మసకే. కన్ను సెకనుకు దాదాపు మూడుసార్లు చోటు మారుతూ ముక్కలు ఏరుతుంది. ఆ ముక్కల మధ్య ఖాళీలను మెదడు పాత అనుభవంతో పూడుస్తుంది. ఇందులో చూసినది ఏది, పూడ్చినది ఏది అన్న తేడా మనసుకు అందదు. దృశ్యమంతా ఒకే స్పష్టతతో ఎదురుగా ఉన్నట్టే తోస్తుంది.

ధ్యాస సంగతి ఇంకా కష్టం. 1999లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ ఒక చిన్న వీడియో చూపించి, అందులో ఒక జట్టు బంతిని ఎన్నిసార్లు అందించుకుందో లెక్కపెట్టమన్నారు. ఆట నడుస్తుండగా గొరిల్లా వేషం వేసుకున్న మనిషి ఆటగాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లాడు. చూసినవాళ్లలో దాదాపు సగం మంది అతన్ని గమనించలేదు. కన్ను అటు వైపే ఉంది. ధ్యాస లెక్క మీద ఉంది.

నేరం జరిగేటప్పుడు ధ్యాసను లాక్కునేది ఆయుధం. 1987లో ఎలిజబెత్ లాఫ్టస్, సహ పరిశోధకులు హోటల్ క్యాష్ కౌంటర్ దగ్గర ఒకడు తుపాకీ తీసిన స్లైడ్లు కొందరికి, అదే మనిషి చెక్కు తీసిన స్లైడ్లు కొందరికి చూపించి కంటి కదలికలను కొలిచారు. తుపాకీ మీద చూపు ఎక్కువసార్లు ఆగింది, ఎక్కువసేపు నిలిచింది. మనిషిని తర్వాత గుర్తుపట్టే శక్తి ఆ మేరకు తగ్గింది. బైక్ మీద వచ్చి మెడలో గొలుసు తెంపుకుపోయే ఘటననే తీసుకుంటే, బాధితురాలికి దొరికేది కొన్ని సెకన్లు. చెయ్యి మెడ మీదికి పోతుంది, ఒళ్లు పడిపోకుండా ఆపుకోవాలి, ఎదుటివాడికి హెల్మెట్ ఉంటుంది, బండి అప్పటికే దూరమవుతుంటుంది. ముఖం మీద చూపు నిలిచిన సమయాన్ని విడిగా లెక్కగడితే ఒక్క సెకను కూడా ఉండకపోవచ్చు. వెలుతురు, దూరం, ఎంతసేపు చూశారు, ఏ కోణంలో చూశారు అనే వివరాలు అడగాల్సింది అందుకే.

జ్ఞాపకం ఎలా మారుతుంది

మరుపు ఒకే వేగంతో సాగదు. 1885లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. 20 నిమిషాలకు 58 శాతం శ్రమ ఆదా అయింది. గంటకు అది 44 శాతానికి, ఒక రోజుకు 34 శాతానికి పడిపోయింది. నెల తర్వాత కూడా 21 శాతం ఉంది. చూసిన ముఖం అర్థంలేని అక్షరాల్లాంటిది కాదు కాబట్టి ఈ శాతాలను నేరుగా అన్వయించకూడదు. ఆ రేఖ ఆకారం మాత్రం ముఖ్యం. పోయేదాంట్లో పెద్ద భాగం మొదటి గంటల్లోనే పోతుంది. మూడో రోజు వాంగ్మూలం తీసుకున్నా ముప్ఫయ్యో రోజు తీసుకున్నా ఉండే తేడా కన్నా, మొదటి గంటలో తీసుకోవడానికీ మూడో రోజు తీసుకోవడానికీ ఉన్న తేడా పెద్దది.

మరుపు ఒక్కటే అయితే ఇబ్బంది తక్కువ. మరిచిపోయినవాడు మరిచిపోయాననే అంటాడు. అసలు చిక్కు ఖాళీ అయిన చోటును మరొకటి ఆక్రమించడంతో వస్తుంది.

1974లో లాఫ్టస్, జాన్ పామర్ 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతో అంచనా వేయమన్నారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదమే మార్చారు. కార్లు ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అన్న అర్థంలో అడిగితే సగటు అంచనా గంటకు 40.8 మైళ్లు వచ్చింది. ‘తాకినప్పుడు’ అన్న అర్థంలో అడిగితే 31.8 మైళ్లు వచ్చింది. రెండో ప్రయోగంలో 150 మందికి ఇంకో ఫిల్ము చూపించి, వారం తర్వాత పగిలిన గాజు కనిపించిందా అని అడిగారు. ఫిల్ములో గాజు పగల్లేదు. తీవ్రమైన పదంతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది కనిపించిందన్నారు. మామూలు పదం విన్న 50 మందిలో 7 గురు, వేగం ప్రశ్నే ఎదురవని 50 మందిలో 6 గురు అలా అన్నారు. ప్రశ్నలోని మాట వారం రోజుల్లో గాజు పెంకులుగా మారింది. ‘ఎర్ర చొక్కా వేసుకున్నవాడు ఎటు పారిపోయాడు?’ అని సాక్షిని అడిగిన అధికారి సమాధానం రాబట్టడంతో ఆగడు, ఎర్ర చొక్కాను కూడా సాక్షి జ్ఞాపకంలోకి ఎక్కిస్తాడు.

తోటి సాక్షి మాట ఇంకా బలంగా పనిచేస్తుంది. 2003లో ఫియోనా గాబర్ట్, సహచరులు ఒకే ఘటనను రెండు కోణాల్లో తీసిన వీడియోలను ఇద్దరిద్దరికి విడివిడిగా చూపించి, తర్వాత మాట్లాడుకోనిచ్చారు. ఒక కోణంలో కనిపించేది రెండో కోణంలో కనిపించదు. అలా మాట్లాడుకున్నవారిలో 71 శాతం మంది తమ వీడియోలో లేని, ఎదుటివారి నోట విన్న వివరాన్ని తాము చూసినట్టే చెప్పారు. ప్రమాదం జరిగిన చోట గుమిగూడిన జనం పోలీసులు వచ్చేలోపు చేసేది సరిగ్గా ఇదే. అరగంటలో పది మంది చూపులు కలిసి ఒకే కథ అవుతుంది. ఆ తర్వాత పది మందీ ఒకేలా చెబితే పది సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది, ఉన్నది ఒకటే కావచ్చు.

దీని వెనక మెదడులో జరిగే పని కొంతవరకు తెలుసు. జ్ఞాపకం ఒకచోట పూర్తిగా రాసిపెట్టి ఉండదు. ఘటన వివరాలను మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో వేర్వేరు భాగాలు పట్టి ఉంచుతాయి, వాటిని జతపరచడంలో మెదడు లోపలి భాగమైన హిప్పోక్యాంపస్‌ది ముఖ్యపాత్ర. తలచుకోవడమంటే ఆ ముక్కలను మళ్లీ పేర్చడం. 2000లో కరీమ్ నాదెర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, స్థిరపడిన భయం జ్ఞాపకాన్ని ఒకసారి మేల్కొలిపి, వెంటనే భయానికి సంబంధించిన మెదడు భాగమైన అమిగ్డలాలో ప్రొటీన్ల తయారీని అడ్డుకుంటే ఆ జ్ఞాపకం దెబ్బతింది. మేల్కొలపకుండా అదే మందు ఇస్తే దెబ్బతినలేదు. అంటే తలచుకున్న జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి వస్తుంది. మనుషుల్లో ఇది ఎంతవరకు, ఏ పరిస్థితుల్లో జరుగుతుందనే విషయంలో పరిశోధకుల మధ్య వాదం సాగుతోంది. తలచుకునే వేళ కొత్త సమాచారం చొరబడగలదన్న మాటను మాత్రం ప్రవర్తన మీద చేసిన ప్రయోగాలు విడిగా నిర్ధారించాయి.

నమ్మకం ఎలా తయారవుతుంది

జ్ఞాపకం క్షీణించే కొద్దీ నమ్మకం కూడా క్షీణిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి.

1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక చాలెంజర్ పేలిపోయింది. మర్నాడు ఉదయం అల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా, ఏ పనిలో ఉండగా విన్నారో రాయించాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత నికోల్ హార్ష్‌తో కలిసి వారిలో 44 మందిని మళ్లీ అడిగాడు. మొదట రాసినదానితో పోలిస్తే 11 మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ సరిపోలేదు. మొత్తం 44 మంది నమ్మకం సగటు మాత్రం 5కు 4.17 ఉంది. తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జెన్నిఫర్ తలారికో, డేవిడ్ రూబిన్ 54 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. దాడి వార్త విన్న జ్ఞాపకమూ, అదే రోజుల్లోని ఒక మామూలు జ్ఞాపకమూ ఒకే వేగంతో మారాయి. దాడి జ్ఞాపకం కళ్లకు కట్టినట్టు ఉండటమూ, అది నిజమేనన్న నమ్మకమూ మాత్రం తగ్గలేదు. స్పష్టంగా కనిపించడం నిజానికి గుర్తు కాదని దీనివల్ల తేలింది.

నమ్మకాన్ని బయటి నుంచి పెంచవచ్చు కూడా. 1998లో గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ ఒక నిఘా కెమెరా వీడియో చూపించి, ఫోటోల్లో నేరస్థుణ్ణి గుర్తించమన్నారు. ఆ ఫోటోల్లో అసలు నేరస్థుడు లేడు, అందుకే ఎంచినవాళ్లంతా తప్పు మనిషినే ఎంచారు. కొందరితో ‘బాగుంది, అనుమానితుణ్ణే గుర్తించారు’ అన్నారు. ఆ ఒక్క మాట విన్నవారిలో నమ్మకం పెరిగింది. అంతటితో ఆగలేదు. వీడియో చూసేటప్పుడు ముఖం తమకు బాగా కనిపించిందనీ, శ్రద్ధగా చూశామనీ, తేలిగ్గా గుర్తుపట్టామనీ కూడా వాళ్లు ఎక్కువగా చెప్పారు. ఒక మెచ్చుకోలు ఆ రోజు నమ్మకాన్నే కాదు, గతంలోని చూపును కూడా తిరగరాసింది. కోర్టులో న్యాయవాది ‘మీకు బాగా కనిపించిందా?’ అని అడిగితే వచ్చే జవాబు ఈ దశను దాటి వచ్చిన జవాబు అవుతుంది.

మళ్లీ మళ్లీ వినడం కూడా ఇలాగే పనిచేస్తుంది. 1977లో లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టీన్, థామస్ టొపినో రెండేసి వారాల తేడాతో మూడుసార్లు 60 వాక్యాల చొప్పున చూపించి, ఒక్కొక్కటి ఎంతవరకు నిజమనిపిస్తోందో అడిగారు. మూడుసార్లూ తిరిగి వచ్చిన వాక్యాలు, నిజమైనా అబద్ధమైనా, క్రమంగా ఎక్కువ నిజంగా అనిపించాయి. తెలిసిన మాట మనసులోకి తేలిగ్గా జారుతుంది. ఆ తేలికనే మనసు నిజమన్న సంకేతంగా తీసుకుంటుంది. నిందితుడి ముఖం టీవీలో, ఫోన్‌లో పదిసార్లు చూశాక పరేడ్‌కు వచ్చిన సాక్షికి ఆ ముఖం ‘తెలిసినదిగా’ తోస్తుంది. ఎక్కడ చూసి తెలిసిందన్న సంగతి ఆ అనుభూతిలో ఉండదు. ముఖం గుర్తుండటం ఒక పని, అది ఎక్కడ తగిలిందో గుర్తుండటం మరో పని. రెండోది ముందుగా చెడుతుంది.

తర్కశాస్త్రం వేసిన గీత

జ్ఞాపకాన్ని జ్ఞానంగా లెక్కించాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. 17వ శతాబ్దానికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయదర్శనంలో (భారతీయ తర్కశాస్త్రంలో) తొలి పాఠం. అది జ్ఞానాన్ని రెండుగా విడదీస్తుంది: స్మృతి, అనుభవం. సంస్కారం, అంటే పాత అనుభవం మనసులో మిగిల్చిన ముద్ర, మాత్రమే కారణంగా పుట్టేది స్మృతి, తక్కినదంతా అనుభవం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలు యథార్థానుభవానికి చెందినవి. స్మృతికి ఆ వరుసలో చోటు లేదు. స్మృతి యథార్థమా కాదా అన్నది అది ఏ అనుభవం నుంచి పుట్టిందో దాని మీద ఆధారపడుతుంది. ముత్యపు చిప్పను వెండిగా చూసినవాడి జ్ఞాపకంలో ఎప్పటికీ వెండే ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని ఎంత తవ్వినా చిప్ప దొరకదు.

సాక్షి గుర్తింపు మాత్రం ఒట్టి స్మృతి కాదు. ఎదురుగా మనిషిని చూస్తూ ‘ఆనాటి దేవదత్తుడే వీడు’ అనుకోవడాన్ని నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు, ప్రత్యభిజ్ఞ అన్నారు. అందులో ఇప్పటి చూపు ఉంది, పాత సంస్కారమూ ఉంది. ఈ రెండింట్లో ఏది చెడినా గుర్తింపు చెడుతుంది. ఆధునిక ప్రయోగాలు చేసిన పని, ఆ సంస్కారం మధ్యలో ఎలా మారుతుందో కొలిచి చూపడం.

ఇంకో వాదం ఈ విషయానికి మరింత దగ్గర. కలిగిన జ్ఞానం తనకు తానే ప్రమాణమనీ, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం (బాధకం) ఎదురైతేనే దాన్ని వదలాలనీ మరో దర్శనానికి చెందిన మీమాంసకులు అన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం నిజమని ఆ జ్ఞానంలోంచే తెలియదు, బయటి నుంచి పరీక్షించాలి, దాన్ని నమ్మి చేసిన పని ఫలించిందా అని చూడాలి అన్నారు. రోజువారీ బతుకు మీమాంసకుల లెక్కన నడుస్తుంది. కనిపించిన ప్రతిదాన్నీ అనుమానిస్తూ కూర్చుంటే అడుగు పడదు. మరొకరి స్వేచ్ఛో ప్రాణమో పణంగా ఉన్నచోట నైయాయికుల లెక్కే పట్టాలి.

ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట, విషయంలోనూ నైయాయికుల నిర్వచనం కచ్చితంగా ఉంది. న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ప్రకారం ఆప్తుడికి రెండూ ఉండాలి: విషయాన్ని తాను సాక్షాత్తు తెలుసుకుని ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణమని కూడా ఆ భాష్యం చెబుతుంది. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ ఎక్కువగా పరీక్షించేది రెండోదాన్ని. అబద్ధమాడేవాణ్ణి పట్టుకోవడంలో దాని శక్తి పెద్దదే. తాను చెప్పేది నిజమని నూటికి నూరుపాళ్లు నమ్మి పొరబడ్డవాడి మీద అది దాదాపు పనిచేయదు, ఎందుకంటే అతనిలో తడబాటు ఉండదు.

ఒక కేసు నడిచిన తీరు

1984లో నార్త్ కరోలినా రాష్ట్రం బర్లింగ్టన్‌లో ఒక విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. బతికి బయటపడితే ఇతన్ని పట్టించాలని ఆమె దాడి సమయంలోనే దాడి చేసినవాడి ముఖాన్ని పట్టిపట్టి చూసింది. ఇంతకన్నా మంచి సాక్షి దొరకడం కష్టం. ముందు ఊహాచిత్రం గీయించారు. తర్వాత ఫోటోలు చూపించారు. కొన్ని నిమిషాలు తటపటాయించి ఆమె రొనాల్డ్ కాటన్ ఫోటో ఎంచింది. తర్వాత మనుషులను వరుసగా నిలబెట్టారు. ఫోటోల్లోనూ వరుసలోనూ ఉన్నవాడు కాటన్ ఒక్కడే. అక్కడ కూడా ఇద్దరి మధ్య ఊగిసలాడి చివరికి అతన్నే చూపింది. ఫోటోలో గుర్తించినవాడూ ఇతనేనని ఆమెకు చెప్పారు. 1985లో కోర్టుకు వచ్చేసరికి ఊగిసలాట జాడ లేదు. 1987లో రెండో విచారణ సమయంలో అసలు నేరస్థుణ్ణి కళ్లెదుట నిలబెడితే, ఇతన్ని ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. 1995లో డీఎన్‌ఏ పరీక్ష అసలు నేరస్థుణ్ణి బయటపెట్టింది. అప్పటికి కాటన్ పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

ఇందులో ఆమె తప్పు వెతకడం అన్యాయం. ప్రతి మెట్టులోనూ ఎంచిన పద్ధతి ఆమె జ్ఞాపకంలో కాటన్ ముఖాన్ని ఒక్కో పొరగా పేర్చింది. గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. తొలి ఫోటోల దగ్గర ఆమె జ్ఞాపకం ఇచ్చిన సంకేతం సరైనదే, అది సందేహం. దాన్ని ఎవరూ కొలిచి రాసుకోలేదు.

2017లో జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ దశాబ్దాల ప్రయోగాలను తిరిగి పరిశీలించి తేల్చింది ఇదే. సరైన పద్ధతిలో పెట్టిన మొదటి పరీక్షలో సాక్షి చూపే నమ్మకానికీ, గుర్తింపు సరైనదవడానికీ మధ్య గట్టి సంబంధం ఉంది. అందుకు వారు చెప్పిన షరతులు ఐదు: వరుసలో అనుమానితుడు ఒక్కడే ఉండాలి, అతను మిగతావారిలో కొట్టొచ్చినట్టు కనబడకూడదు, నేరస్థుడు వరుసలో లేకపోవచ్చని సాక్షికి ముందే చెప్పాలి, నడిపించే అధికారికి అనుమానితుడు ఎవరో తెలియకూడదు, గుర్తించిన క్షణంలోనే నమ్మకం ఎంతో అడిగి రాసుకోవాలి.

ఐడెంటిఫికేషన్ పరేడ్: అంగాలు, లోపాలు

భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 7వ సెక్షన్ (పాత ఎవిడెన్స్ చట్టంలో 9వది) కింద గుర్తింపు వాస్తవాలు కోర్టు పరిగణనలోకి వస్తాయి. అరెస్టయిన వ్యక్తిని గుర్తింపుకు నిలబెట్టే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 54వ సెక్షన్‌లో ఉంది. రెండూ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో పరేడ్ ఎలా నడపాలన్నది ఉమ్మడి రాష్ట్రం 1990లో తెచ్చిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ చెబుతుంది.

అనుమానితుడితో పాటు నిలబెట్టేవారు వయసులో, ఎత్తులో, రూపంలో, జీవనస్థాయిలో సాధ్యమైనంత వరకు అతనిలాంటివారే అయి ఉండాలి. అనుమానితుడి ఒంటిమీద ప్రత్యేకంగా కనిపించే దుస్తు ఉంటే మిగతావారికీ అలాంటివి తొడగాలి, లేదా అతని చేత తీయించాలి. వరుసలో ఎక్కడ నిలబడాలో అతన్నే ఎంచుకోనివ్వాలి, ఏర్పాట్ల మీద అభ్యంతరం ఉందా అని అడగాలి. ఒక సాక్షి వెళ్లి మరొకరు వచ్చేలోపు వరుస మార్చడం మంచిది. సాక్షులను పరేడ్ కనిపించని చోట ఉంచాలి, ఒక్కొక్కరినే పిలవాలి. ముందే పరిచయం ఉందా, ఏ ఆనవాళ్లతో గుర్తిస్తారు అని అడిగాకే వరుస చూపాలి. ఒక అనుమానితుడికి ఐదు నుంచి పది మంది ఇతరులను నిలబెట్టడం వాడుక.

నడిపేది పోలీసు కాదు, మేజిస్ట్రేట్. ఇది మన పద్ధతిలోని పెద్ద బలం. అయితే మేజిస్ట్రేట్‌కు కూడా అనుమానితుడు ఎవరో తెలిసే ఉంటుంది, ఏర్పాట్లన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి కాబట్టి. సాక్షి సరైన మనిషి దగ్గర ఆగినప్పుడు చూపు నిలవడం, కలం కదలడం లాంటి చిన్న కదలికలే సంకేతాలవుతాయి. ఆయనకు ఆ ఉద్దేశం ఉండనక్కర్లేదు.

పరేడ్ చెడేది ఎక్కువగా పరేడ్‌కు ముందే. అరెస్టు చూపే ప్రెస్ మీట్‌లో ముఖానికి ముసుగు వేయకపోవడం, ఫోటో వాట్సాప్‌లో తిరగడం, స్టేషన్‌లో సాక్షి కళ్లబడటం, దర్యాప్తు అధికారి ‘వీడేనా చూడండి’ అంటూ ఫోన్‌లో ఫోటో చూపించడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా తర్వాత నియమాలన్నీ పాటించిన పరేడ్ కొలిచేది ఆ ఫోటో జ్ఞాపకాన్నే. అరెస్టుకూ పరేడ్‌కూ మధ్య రోజులు పెరిగే కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. డిఫెన్స్ న్యాయవాదులు మొదట పట్టుకునేది కూడా ఈ జాప్యాన్నే. నిందితుడు నిర్దోషిగా బయటపడిన చాలా తీర్పుల్లో పాఠకులకు సాంకేతిక కారణంగా కనిపించేది నిజానికి ఇదే.

చట్టం ఇచ్చే స్థానం, ప్రయోగాలు ఇచ్చే స్థానం

మన కోర్టుల స్థిరమైన వైఖరి ప్రకారం పరేడ్ స్వతంత్ర సాక్ష్యం కాదు. విచారణలో సాక్షి బోనులో ఉన్నవాణ్ణి గుర్తించడమే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి బలం చేకూర్చేది మాత్రమే. మల్ఖాన్‌సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది. ప్రమాణం చేసి, క్రాస్ ఎగ్జామినేషన్‌కు లోబడి చెప్పిన మాటకే విలువ అన్న తర్కం దీని వెనక ఉంది. అబద్ధం నుంచి కాపాడటానికి అది సరైన తర్కం.

పొరపాటు నుంచి కాపాడటానికి మాత్రం అది సరిపోదు. బోనులో ఉన్నది ఒక్కడే, పక్కన పోలికలున్న మరో తొమ్మిది మంది ఉండరు. ఘటన జరిగి ఏళ్లు గడిచి ఉంటాయి. ముఖం ఎన్నిసార్లు కళ్లబడిందో లెక్కుండదు. ప్రయోగాల దృష్టిలో ఇది అత్యంత బలహీనమైన పరీక్ష, మొదటి పరేడ్ అత్యంత విలువైనది. ముక్కూమొహం తెలియని మనిషిని పరేడ్ లేకుండా తొలిసారి కోర్టులోనే గుర్తిస్తే దాని మీద ఆధారపడటానికి న్యాయమూర్తులు జంకుతారు కాబట్టి ఆచరణలో ఈ తేడా కొంత తగ్గుతుంది. సూత్రంలో మాత్రం అలాగే ఉంది.

ఇంగ్లండ్ ఈ సమస్యను ఇంకో దారిలో ఎదుర్కొంది. 1976లో సాక్షుల గుర్తింపు మీద డెవ్లిన్ కమిటీ నివేదిక వచ్చింది. అదే ఏడాది టర్న్‌బుల్ కేసులో, గుర్తింపు మీదే ఆధారపడిన కేసుల్లో నమ్మకంగా చెప్పే సాక్షి కూడా పొరబడవచ్చని జ్యూరీని హెచ్చరించాలని కోర్టు ఆదేశించింది. ఎంతసేపు, ఎంత దూరం, ఎలాంటి వెలుతురు, మధ్యలో అడ్డేమైనా ఉందా, ముందు పరిచయముందా, ఎన్నాళ్లకు గుర్తించారు, మొదటి వర్ణనకూ నిందితుడి రూపానికీ తేడా ఉందా అని వరసగా చూడాలంది. అక్కడ ఇప్పుడు ఎక్కువగా జరిగేది వీడియో గుర్తింపు. అనుమానితుడితో పాటు కనీసం మరో 8 మంది ముఖాలను ఒకే తీరులో తీసిన దృశ్యాల్లో చూపిస్తారు. అమెరికాలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2011లో హెండర్సన్ కేసులో జ్ఞాపకం మీద జరిగిన పరిశోధనను వివరంగా పరిశీలించి, జ్యూరీకి చెప్పాల్సిన సూచనలను మార్పించింది.

మన దగ్గర చట్టం మార్చకుండానే చేయగలిగినవి ఉన్నాయి. పరేడ్ మొత్తం వీడియో తీయవచ్చు. వరుసను ఏర్పాటు చేసిన మేజిస్ట్రేట్ సాక్షి వెనుక, అతనికి కనబడని చోట కూర్చోవచ్చు. ‘అతను వీరిలో ఉండకపోవచ్చు’ అన్న ఒక్క వాక్యం ముందుగా చెప్పవచ్చు. సాక్షి ఎంతసేపు తీసుకున్నాడు, ఏ మాటల్లో గుర్తించాడు, ఎంత నమ్మకంగా ఉన్నాడు అన్నది అతని మాటల్లోనే రికార్డు చేయవచ్చు. ‘గుర్తించాడు’ అన్న ఒక్క మాటతో నివేదిక ముగిస్తే, ‘వీడే’ అన్నవాడూ ‘ఇతనేమో అనిపిస్తోంది’ అన్నవాడూ కాగితం మీద ఒకటైపోతారు. ఈ నాలుగింటిలో నాలుగోది అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం దానితోనే.

ఘటన చూసినవారు చేయగలిగింది

ప్రమాదమో దాడో చూసినవారు ఇంకెవరితోనూ చర్చించకముందే, వీలైతే మొదటి గంటలోనే, చూసింది రాసుకోవాలి. ముందు నిలబడ్డ చోటు, వెలుతురు, దూరం, అప్పుడు చేస్తున్న పని మనసులోకి తెచ్చుకుంటే వివరాలు ఎక్కువ వస్తాయి. సాక్షులను ప్రశ్నించడానికి రోనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గైసెల్మన్ 1980లలో రూపొందించిన పద్ధతిలో ఇదే మొదటి మెట్టు. తర్వాత చిన్నది పెద్దది అని ఏరకుండా గుర్తొచ్చినదంతా వరసగా రాయాలి. స్వయంగా చూసినదాన్నీ, పక్కవారు చెప్పినదాన్నీ, ఊహించినదాన్నీ విడిగా ఉంచాలి. తెలియని చోట తెలియదనే రాయాలి. ఖాళీని ఊహతో పూరించి రాసినది మళ్లీ చదివినప్పుడు చూసినదిగా అనిపిస్తుంది. చివర తేదీ, సమయం వేయాలి. నిందితుడి ఫోటో కోసం వార్తల్లో వెతకకపోవడం మంచిది.

ఈ కాగితానికి చట్టంలోనూ ఉపయోగం ఉంది. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదు కూడా. ఘటన సమయంలో గానీ, జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడు గానీ సాక్షి తానే రాసుకున్న కాగితాన్ని మాత్రం కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు చూసి గుర్తు తెచ్చుకోవచ్చు. ఎదుటి పక్షం అడిగితే దాన్ని చూపించాలి, దాని మీద క్రాస్ ఎగ్జామినేషన్ కూడా జరగవచ్చు. అందుకే తర్వాత ఏదైనా గుర్తొస్తే మొదటి కాగితంలో దిద్దకూడదు. వేరే కాగితం మీద ఆ రోజు తేదీ వేసి, ఏం చూసి లేదా ఏం విని గుర్తొచ్చిందో కూడా రాసి ఉంచాలి.